గాజుకు ఇవతలి గొంతు

“మాస్కు పై పట్టీ తల వెనక్కి. కింది పట్టీ మెడ మీదికి. ముక్కు దగ్గర రెండు వేళ్ళతో నొక్కు. ఇప్పుడు గట్టిగా ఊపిరి వదులు,” అంది ఆమె మైకులోకి.

గాజుకు అవతలి చిన్న గదిలో కొత్తమ్మాయి ఊపిరి వదిలింది. స్పీకర్లో బుస్సుమని చప్పుడు వచ్చింది. దాని చివర సన్నగా ఈలలాంటిది ఒకటి వినపడింది.

“ముక్కు పక్కనుంచి గాలి పోతోంది. మళ్ళీ.”

కొత్తమ్మాయి మళ్ళీ నొక్కుకుంది, మళ్ళీ వదిలింది. ఈసారి ఈల లేదు.

“ఆఁ, ఇప్పుడు సరే. చేతి తొడుగులు. లోపలి జత గౌను చేతుల కిందికి పోవాలి. పై జత గౌను చేతుల మీదికి రావాలి.”

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. ఆ భవనం రెండో అంతస్తు చివర, ఊపిరితిత్తుల రోగాల క్రిములను పరీక్షించే గదులు ఉన్నాయి. వాటిలోకి వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరుగా ఈ చిన్న గదిలో ఒంటిని కప్పుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడే ఒక్కొక్కరుగా విప్పుకుంటారు. వేసుకోవడం సులువే. విప్పుకోవడంలోనే ఉంది కష్టమంతా. నాలుగు గంటలు పనిచేసి వచ్చిన మనిషికి చెమట, ఆకలి, ఇంటికి పోవాలన్న తొందర. గౌను బయటివైపు అంటుకున్న క్రిమి వేలి కొసనుంచి చెంప మీదికి ఎక్కేది అప్పుడే. అందుకే గాజుకు ఇవతల ఒక మనిషి కూర్చుని, కార్డు మీది వరసలు ఒక్కొక్కటే చదువుతూ, లోపలివాళ్ళ చేతులు చూస్తూ, పని సరిగ్గా జరిగిందనుకుంటే “సరే” అనాలి. ఆ మాట వినపడేదాకా లోపలి మనిషి ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు. ఎంత చదివినవాళ్ళైనా అంతే.

ఆమె చదివింది పదో తరగతి. మొదట ఆ భవనంలో మెట్లు తుడిచేది. ఒకరోజు గాజు దగ్గర కూర్చోవాల్సిన మనిషి రాకపోతే, ఎవరూ దొరక్క ఆమెను కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం బయటికి వచ్చిన డాక్టరమ్మ, “ఈవిడ్ని ఇక్కడే ఉంచండి. నా చేతుల్ని మా అమ్మ కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు,” అంది. అలా ఉండిపోయింది.

ఏ చిన్న అనుమానం వచ్చినా “మళ్ళీ” అంటుంది. గొంతు పెంచదు, విసుక్కోదు. నిద్రపట్టని పసివాళ్ళకు కథ చెప్తున్నట్టు ఒకే తీరులో ఉంటుంది ఆ గొంతు. అందరూ ఆమెను మళ్ళీ అత్త అంటారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన, చేతి తొడుగు వేలి కొస పట్టుకుని సర్రున లాగేశాడు. “కొత్త జత వేసుకోండి. మళ్ళీ,” అంది. ఆయన కోపంగా గాజు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. బయటి తలుపు తెరిచే మీట ఆమె కుర్చీ పక్కనే ఉంటుంది. ఆయన ఏడు జతలు వేసుకుని ఏడు జతలు విప్పాడు. బయటికి వచ్చాక టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడని, తర్వాత ఇంట్లో చొక్కా విప్పడానికి కూడా భార్య అనుమతి అడుగుతున్నాడని అటెండర్లు చెప్పుకుని ఏడాదిపాటు నవ్వుకున్నారు.

ఆమె పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు. అందుకని ఒక అట్టపెట్టె బోర్లించి దాని మీద పెట్టుకుంటుంది. జుట్టు ముప్పాతిక నెరిసింది, దాన్ని గట్టిగా ముడి వేస్తుంది. చేతి వేళ్ళు లావుగా, గోళ్ళు చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. తనెప్పుడూ లోపలికి వెళ్ళదు, అయినా గోళ్ళు మాత్రం లోపలికి వెళ్ళేవాళ్ళ కంటే పొట్టిగా ఉంచుకుంటుంది. ఎవరైనా అడిగితే, “చెప్పే మనిషికి గోళ్ళుంటే వినే మనిషికి పెరగవా?” అంటుంది.

కొత్తమ్మాయి తర్వాత డాక్టరమ్మ వచ్చింది. డాక్టరమ్మదీ మళ్ళీ అత్తదీ దాదాపు ఒకటే వయసు. డాక్టరమ్మకు ఏ వరసా చెప్పనక్కర్లేదు. అయినా ఆమె చెప్పింది, డాక్టరమ్మ వింది.

“రాత్రి నిద్ర పట్టలేదా డాక్టరమ్మా? ఎడమ చెయ్యి లాగేస్తున్నట్టుంది.”

“పడుకున్న తీరు బాలేదు. నీకెలా తెలిసింది?”

“తొడుగు వేసుకునే చప్పుడు మారింది. మళ్ళీ వేసుకోండి. అంచు మడత పడింది.”

ఇద్దరూ లోపలికి వెళ్ళాక తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆమె తొమ్మిదింటికి వచ్చే టీ తాగింది.

పదింటికి భద్రతాధికారి వచ్చాడు. ఆయన్ని అందరూ కార్డులాయన అంటారు. భవనంలో ప్రతి గోడ మీదా ఆయన అంటించిన కార్డు ఒకటి ఉంటుంది. చేతులు ఎలా కడుక్కోవాలి, పెట్టె ఎలా మొయ్యాలి, మెట్లు ఏ పక్కనుంచి దిగాలి. మనిషి మంచివాడు. ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్న. చంకలో కొత్త కార్డులు, చేతిలో కాగితం.

“అమ్మా, ఒక సంతకం. అవతల పక్క కూడా అంటించి వచ్చాను. ఒకసారి చదువుకోండి, నాకు కింద మీటింగుంది.”

“పెట్టండి, చదువుతాను.”

ఆయన పాత కార్డు పీకి, అదే చోట కొత్తది అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కాడు. ఆమె కాగితం అడుగున, ఎప్పుడూ పెట్టే చోట సంతకం పెట్టింది. నెలనెలా వచ్చే కాగితమే అనుకుంది. పాత కార్డు అంచులు చిరిగాయి కాబట్టి మార్చాడనుకుంది.

ఆమెకు కార్డు కనపడటం లేదు.

పోయిన వానాకాలం నుంచీ అంతే. మొదట గాజుకు ఆవిరి పట్టిందనుకుని తుడిచింది. తర్వాత దీపాలు మసకబారాయని ఫిర్యాదు చేస్తే కొత్త దీపాలు పెట్టారు. కొత్త దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనపడ్డాయి. అప్పుడు అర్థమైంది, మసక తన కళ్ళలోనే ఉందని. మనుషులు కనపడతారు, చేతులు కనపడతాయి. అక్షరాలు మాత్రం చీమల బారులా కదులుతాయి. ఆమెకు ఇరవై మూడు వరసలూ నోటికి వచ్చు. చూపుడువేలు ఏ వరస మీద ఎప్పుడు ఉండాలో ఆ వేలికే తెలుసు. కార్డు చూసే చదవాలి, గుర్తున్నది అప్పజెప్పకూడదు అన్నది అక్కడి మొదటి నియమం. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ నియమం చెప్పేది కూడా ఆమే. చూపు తగ్గిందని చెబితే ఈ కుర్చీ పోతుంది. రిటైరయ్యే వయసుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈలోపు ఏం కాదులే అని రోజూ పొద్దున మెట్లెక్కుతూ అనుకుంటుంది, కూర్చున్నాక మరిచిపోతుంది. ఆ గాజు ముందు ఆమెకు ఎంత హాయిగా ఉంటుందంటే, అక్కడ తప్పు చేస్తున్నానని గుర్తుపెట్టుకోవడం కష్టం.

ఒంటిగంటకు ఎర్ర దీపం ఆరింది. ముందు కొత్తమ్మాయి వచ్చింది.

“పై తొడుగుల మీద మందు చల్లుకో. వేళ్ళ సందుల్లో. సరే. కాళ్ళ తొడుగులు, మడమ దగ్గర పట్టుకో. సరే. ఇప్పుడు పై జత తొడుగులు. ఎడమ చెయ్యి. అంచు పట్టుకో, లోపల వేలు పెట్టకు. సరే. లోపలి జత మీద మళ్ళీ మందు. సరే. ముఖం ముందున్న అద్దం. వెనక పట్టీ పట్టుకుని తలమీదుగా ముందుకు తియ్యి.”

కొత్తమ్మాయి చేతులు తల వెనక్కి సగం వెళ్ళి ఆగిపోయాయి.

“తియ్యమ్మా.”

“అత్తా, ఇక్కడ ముందు గౌను అని ఉంది.”

“అద్దం ముందు. గౌను తర్వాత.”

“కాదత్తా. ఐదు, గౌను. ఆరు, అద్దం. పక్కన ఎర్రగా ‘మారింది’ అని కూడా రాసి ఉంది. గౌను చెయ్యి చెవికి తగులుతోందంట, అందుకని.”

“మళ్ళీ చదువు.”

ఆ పిల్ల మళ్ళీ చదివింది. ఆమె ముందుకు వంగి, ఐదో వరస మీద వేలు పెట్టి, మొహం కార్డుకు జానెడు దూరం దాకా తెచ్చింది. నల్లటి బారు ఒకటి, దాని పక్కన ఎర్రటి మరక. అంతే. స్పీకర్లో ఆ పిల్ల ఊపిరి వేగంగా వినపడుతోంది. చేతులు ఇంకా పైకెత్తే ఉన్నాయి. గౌను చేతులకూ చెంపలకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంది.

ఆమె గొంతు మారలేదు. “చేతులు దించు. ముందుకు, నడుము ఎత్తుకి. దేన్నీ ముట్టుకోకు. ఇప్పుడు మీ వైపు కార్డు నువ్వు చదువు. ఒక్కో వరస చదివి ఆగు. నేను సరే అంటేనే చెయ్యి. తొందరేం లేదు, బస్సులు చాలా ఉంటాయి.”

ఆ పిల్ల చదివింది, ఆమె చూసింది. గౌను లోపలివైపు బయటికి చుట్టుకుంటూ ఊడింది. అద్దం ఊడింది. ఇంకో పదిహేడు వరసల తర్వాత తలుపు తెరుచుకుంది. చేతులు కడుక్కుని బయటికి వచ్చిన కొత్తమ్మాయి చెంపల మీద మాస్కు గీతలు ఎర్రగా ఉన్నాయి. గోడకు ఆనుకుని నిలబడింది.

డాక్టరమ్మ లోపలి తలుపు దగ్గర తన వంతు కోసం నిలబడి అంతా వింది. ఆవిడ కూడా తనే చదువుకుంటూ విప్పుకుని వచ్చింది. వచ్చాక కుర్చీ పక్కన నిలబడి, మెల్లగా అడిగింది.

“ఎప్పట్నించి?”

“వానలప్పట్నించి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకు చెబితే ఆపరేషన్ అంటారు.”

“అంటాను. కంట్లో పొర అది, అరగంట పని.” డాక్టరమ్మ నడవా అటూ ఇటూ చూసింది. “సరే, విను. ఈ పిల్ల ఎవరికీ చెప్పదు. ఏమ్మా?”

కొత్తమ్మాయి చెప్పనన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“కార్డు నేనే పెద్ద పెద్ద అక్షరాలతో రాయిస్తాను. వచ్చే నెల సెలవు పెట్టు, కళ్ళు చూపించుకో. ఏమీ జరగలేదు కదా. చెయ్యి తగల్లేదు. నేను చూశాను.”

“తగల్లేదు,” అంది ఆమె.

“మరింకేం? లేచి భోంచెయ్యి.”

ఆమె భోజనాల గదిలో కిటికీ పక్కన కూర్చుని డబ్బా తెరిచింది. భర్త సర్దిన డబ్బా. ఆయన రైలు గేటు దగ్గర కాపలా పనిచేసి మానుకున్న మనిషి. ఇప్పుడు వంట ఆయనదే. ఉప్పు తక్కువేస్తాడు, మూత మాత్రం రైలు డబ్బాకు వేసినట్టు బిగిస్తాడు. రోజూ దాన్ని తియ్యడానికి ఆమె పక్కవాళ్ళ సాయం తీసుకుంటుంది, పక్కవాళ్ళు రోజూ నవ్వుతారు. ఈరోజు ఎవర్నీ అడగలేదు. రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తీసింది.

డాక్టరమ్మ చెప్పింది బాగానే ఉంది. తింటూ దాన్ని రెండు మూడు సార్లు మనసులో తిప్పుకుంది. పెద్ద అక్షరాలు, వచ్చే నెల సెలవు. ఈ కుర్చీ, ఈ గాజు, పొద్దున తొమ్మిదింటి టీ, అన్నీ ఇంకో ఏడాదిన్నర. సగం తిన్నాక, చెయ్యి డబ్బా దగ్గరే ఆగింది. కార్డు సంగతి సరే. చేతుల సంగతేమిటి? వానలప్పటి నుంచీ ఎన్ని వందల సార్లు “సరే” అంది. తొడుగుకు సూదిమొనంత చిల్లు ఉంటే ఆ మసకలో కనపడి ఉండేదా? చప్పుడును బట్టి చెబుతున్నానని మురిసిపోయింది కానీ, చిల్లుకు చప్పుడుండదు. వాళ్ళంతా ఆ సరేని నమ్మి ఇళ్ళకు వెళ్ళి పిల్లల్ని ఎత్తుకున్నారు.

డబ్బా మూత పెట్టేసింది. నడవాలో గోడకు వేలాడే జరగబోయి తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకం తీసుకుని, కొత్తమ్మాయిని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

“రాయి. నేను చెప్పింది చెప్పినట్టు.”

“వద్దత్తా. డాక్టరమ్మ చెప్పారుగా.”

“డాక్టరమ్మ లోపల డాక్టరమ్మ. ఇవతల నా మాట. తేదీ వెయ్యి. మధ్యాహ్నం ఒంటిగంట. కార్డు వరస మారింది. గాజు దగ్గర ఉన్న మనిషి పాత వరస చెప్పింది. రాశావా?”

“పొరపాటున చెప్పింది, అని రాస్తాను.”

“పొరపాటు కాదు. చూపు తగ్గి కార్డు కనపడలేదు. ఆ సంగతి ఆమెకు వానాకాలం నుంచీ తెలుసు. తెలిసే కూర్చుంది.”

కలం కదల్లేదు.

“తెలిసే, అని రాయి.”

“అత్తా, మిమ్మల్ని తీసేస్తారు.”

“కుర్చీలోంచే కదా. నన్నెక్కడికి తీస్తారు, ఇంత మనిషిని. రాయి.”

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి రాసింది. మోచేతితో కళ్ళు తుడుచుకోబోతే ఆమె గభాల్న చెయ్యి పట్టుకుంది. “మొహం మీదికి చెయ్యి తేకు. ఎన్నిసార్లు చెప్పాలి?” ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. “ఇప్పుడు నువ్వు ఆగిన సంగతి రాయి. గాజు దగ్గరి మనిషి తియ్యమన్నా, కార్డు చూసి చేతులు ఆపింది, అని. నీ పేరు రాయి.”

“అది ఎందుకు?”

“ఇరవై రెండేళ్ళలో నన్ను ఆపింది నువ్వొక్కదానివే. రాయి.”

చదివించుకుని విని, అడుగున సంతకం పెట్టింది. గీత మీద పడిందో లేదో ఆ పిల్లనే అడిగింది. కొంచెం కిందికి జారిందట.

మూడింటికి కార్డులాయన పుస్తకం చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పొద్దున నేనే చదివి వినిపించి ఉండాల్సింది. వరస మారిందని నోటితో చెప్పలేదు. అది కూడా ఇందులో రాస్తాను.”

“రాయండి.”

“వానల నుంచి లోపలికి వెళ్ళొచ్చిన వాళ్ళందరికీ పరీక్షలు చేయించాలి. పదకొండు మంది.”

“నాలుగు నెలల కిందట ఒకమ్మాయి వచ్చి మానేసింది. ఆమెతో పన్నెండు. ఆమెను కూడా పిలిపించండి.”

ఆయన రాసుకున్నాడు. కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. “అమ్మా, ఇవాళ్టి నుంచి మీరు ఇక్కడ కూర్చోవడానికి వీల్లేదు.”

“తెలుసు.”

“కళ్ళు బాగయ్యాక బట్టల గదిలో పని ఉంటుంది. ఉతికొచ్చిన గౌన్లు వెలుతురుకు పట్టి చిరుగులు చూడాలి. మీకంటే బాగా ఎవరు చూస్తారు?” అని, అన్న మాట తనకే వినపడి, తల దించుకున్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. “అప్పటికి చూస్తానులెండి,” అంది.

ఆ పన్నెండు మందికీ ఆమె తనే చెప్పింది, ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వెళ్ళి. మానేసిన అమ్మాయికి ఫోను చేసింది. ఒకతను మొహం తిప్పుకున్నాడు, అతనికి ఇంట్లో నెలల బిడ్డ ఉంది. ఆమె అక్కడే కాసేపు నిలబడి వచ్చింది. మిగతావాళ్ళు ఏదో ఒకటి అన్నారు. డాక్టరమ్మ మాత్రం, “నా మాట ఒక్కసారి కూడా వినవు కదా నువ్వు,” అంది.

“మీరు రోజూ నా మాట వింటున్నారు, చాలదా?”

“రేపు పొద్దున ఎనిమిదింటికి కంటి డాక్టర్ దగ్గరికి. నేనే తీసుకెళ్తాను. దీనికి కూడా మళ్ళీ అన్నావంటే చూడు.”

పరీక్షల్లో ఎవరికీ ఏమీ లేదని పది రోజుల తర్వాత తెలిసింది. నెలల బిడ్డ తండ్రి ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వచ్చి, చదివి వినిపించి, కాసేపు కూర్చుని వెళ్ళాడు. కానీ ఆ సాయంత్రానికి అదేమీ తెలియదు. ఐదింటికి ఆమె చెప్పులు వేసుకుని, భోజనం డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. ఏ పక్కనుంచి దిగాలో గోడ మీద కార్డు చెబుతూనే ఉంది. ఆమె మామూలుగా దిగే పక్కనుంచే దిగింది.

భర్త వీధి మొగలో ఎదురొచ్చాడు. సన్నగా చినుకులు పడ్డట్టున్నాయి, ఆయన వానకోటు తడిసి ఉంది. ఇంటికొచ్చి వరండాలో విప్పబోతుంటే ఆమె అలవాటుగా, “బయటివైపు ముట్టుకోకు, లోపల్నించి,” అంది.

“ఇది వాననీళ్ళే. క్రిములు కాదు.”

“ఏమయ్యో, నా కుర్చీ పోయింది.”

ఆయన కోటు సగం విప్పుకునే ఆగాడు. ఆమె అంతా చెప్పింది. వినడానికి ఆయనకు ఎప్పుడూ తొందర లేదు, రైలు పూర్తిగా పోయేదాకా గేటు తియ్యని మనిషి. చివరిదాకా విని అడిగాడు.

“భయమేసిందా?”

“ఆ పిల్ల చేతులు దించేదాకా వేసింది. తర్వాత ఆకలేసింది.”

“నేను మానుకున్న రోజు నాకూ అంతే,” అని కోటు మిగతా సగం విప్పి, చెయ్యి బయటికి రాక మెలిపడితే ఆమె వైపు చూశాడు.

“మళ్ళీ వేసుకో,” అంది ఆమె. “నేను చెప్తాను. కుడి చెయ్యి ముందు.”

ఆయన వేసుకున్నాడు. ఆమె చెప్పింది. సరే అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున గాజు దగ్గర కూర్చోవాల్సిన వంతు కొత్తమ్మాయికి పడింది. లోపల ఒకతను తొడుగులు వేసుకోవడానికి నిలబడి ఉన్నాడు. కొత్తమ్మాయికి ఆ కుర్చీ ఎత్తు సరిపోయింది, మైకు దూరమైంది. దగ్గరికి లాక్కోబోతే మైకు కదిలి, బల్ల మీద కీచుమంది. ఇన్నేళ్ళలో ఆ మైకు అలా మోగడం ఎవరూ వినలేదు. లోపలి అతను ఉలిక్కిపడి గాజు వైపు చూశాడు. కొత్తమ్మాయి మైకు ఎత్తింది. అంతదాకా అది ఉన్న చోట అత్త నాలుగు మడతలు పెట్టి పరిచిన పాత నూలు గుడ్డ ఒకటి ఉంది, నీలం చుక్కలది, అంచులు చేత్తో కుట్టినది. మధ్యలో మైకు పాదం గుండ్రంగా ముద్రపడి, అక్కడ మాత్రం చుక్కలు అరిగిపోయాయి.